పది రోజుల మెథడాలజీ కోర్సు: మూడో రోజుకే కట్టిన డబ్బులు గిట్టుబాటయ్యాయి

జర్నలిజంలో పీహెచ్‌డీకి చేరి మెథడాలజీ చాప్టర్ (పరిశోధన ఏ పద్ధతిలో చేశామో చెప్పేది) దగ్గర నెలల తరబడి చతికిలపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఆ మధ్య ఒక యూనివర్సిటీ పెట్టిన పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సుకి రెండు వేలు కట్టి వెళ్లాను. వెళ్లాలా వద్దా అని జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మొదటి రోజు దండగ. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఫొటోలు. రెండో రోజు చెప్పిన నిర్వచనాలన్నీ యూజీసీ నెట్ పరీక్ష గైడ్లలో ఉన్నవే.

మూడో రోజు కంటెంట్ అనాలిసిస్, అంటే పేపర్లలో ఏ రకం వార్తలు ఎన్ని వచ్చాయో లెక్కగట్టే పద్ధతి. వచ్చిన మేడం పీపీటీ జోలికే పోలేదు, రెండు సంచుల పాత పేపర్లు తెచ్చి బల్ల మీద పోశారు. వరసగా ఒక వారం పేపర్లు తీసుకుంటే, ఆ వారంలో ఏ తుపానో ఎన్నికలో వచ్చాయంటే లెక్కంతా అటే ఒరుగుతుంది కదా, అందుకని ఏడాదిలోని సోమవారాలన్నిటికీ చీటీలేసి ఒకటి, మంగళవారాల్లోంచి ఒకటి, అలా ఏడు రోజులూ ఏరి ఒక వారం కట్టాలి. దినపత్రికకి ఏడాదికి అలాంటివి రెండు వారాలు, అంటే 14 సంచికలు చాలని రిఫ్, ఆస్ట్, లేసీ అనే పరిశోధకులు 1993లోనే తేల్చారట. నేనేమో 365 పేపర్లూ చదవడానికి కూర్చున్నాను!

అయితే ఆ లెక్క మన పేపర్లకి అలాగే సరిపోదు. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక మిగతావాళ్లూ అదే దారి పట్టారు, అంటే ఒకే పేపరు జిల్లాకో రకంగా ఉంటుంది. హైదరాబాద్ ఈ-పేపర్ ఒక్కటే దించుకుని తెలుగు పత్రికల్లో రైతు వార్తలని థీసిస్ రాస్తే ఎలా, ఆ వార్తల్లో చాలా వరకు ఉండేది జిల్లా పేజీల్లోనే కదా.

మధ్యాహ్నం ఇద్దరిద్దరికీ అవే 30 వార్తలిచ్చి వ్యవసాయమా రాజకీయమా రాయమన్నారు. ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర ఎమ్మెల్యే ధర్నా. నేను వ్యవసాయం అన్నాను, నా పక్కన కూర్చున్న వరంగల్ అమ్మాయి రాజకీయం అంది, గొడవ టీ దాకా సాగింది. చివరికి 22 కలిశాయని మేం సంబరపడుతుంటే, రెండే కేటగిరీలు కదా, బొమ్మాబొరుసూ వేసినా సగం కలుస్తాయి అని మేడం గాలి తీసేశారు. ఆ అదృష్టాన్ని తీసేసి లెక్కగట్టేదే క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా. 0.80 ఉంటే మంచిది, 0.667 కంటే తగ్గితే నమ్మలేం. మాది 0.5 కూడా దాటలేదు. తప్పు మాది కాదు, ఏ వార్తని ఏ కేటగిరీలో వేయాలో చెప్పే కోడ్‌బుక్‌ది: వార్త దేని గురించి, వార్తలో ఉన్నదెవరు అనే రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశాం.

తర్వాత రెండు రోజులు ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్. సగం ల్యాప్‌టాపుల్లో తెరుచుకోలేదు. అది యూట్యూబ్‌లో నేర్చుకోవచ్చు.

నా అసలు కంప్లయింట్ ఇంటర్వ్యూల గురించి. వచ్చినవాళ్లలో సగం మంది టాపిక్కులు ఇంటర్వ్యూలతో చేసేవే, కానీ దానికి ఇచ్చింది ఒక్క పూట. ఎథిక్స్ క్లాసంటే ప్లేజియరిజం (కాపీ కొట్టడం) ఎంత శాతం దాటకూడదనే గోల తప్ప ఇంకేమీ లేదు. నేను ఇంటర్వ్యూ చేసే పేపరుకి మండలానికి ఉండేదే ఒక్క కంట్రిబ్యూటర్ (స్థానిక విలేకరి), మరి థీసిస్‌లో ఆయన పేరు తీసేసి మండలం పేరు ఉంచితే దాచినట్టా? అడిగితే లంచ్ టైమైందన్నారు.

లంచ్ మాత్రం బాగుంది, గోంగూర పచ్చడి రోజూ ఉండేది. ఐదుకి మూడు ఇస్తాను. వెళ్లేవాళ్లు మీ టాపిక్ వార్తలు ఓ ముప్పై కత్తిరించి వెంట పట్టుకెళ్లండి.