మా జిల్లా ఆసుపత్రి పసిపిల్లల వార్డు: 4/5

మా చెల్లి బాబు పుట్టిన వారంలోపే పాలు పట్టడం మానేశాడు. జ్వరం లేదు, పైగా ఒళ్ళు చల్లబడింది. ఎస్‌ఎన్‌సీయూలో (అప్పుడే పుట్టిన పిల్లల ప్రత్యేక చికిత్స వార్డులో) డ్యూటీ డాక్టరమ్మ మాడు మీద వేలు ఆనించి చూశారు. ఉబ్బెత్తుగా ఉంది. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ కావచ్చని, రిపోర్టుల కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

వెన్నులో నీరు తీయాలంటే మా అమ్మ ససేమిరా అంది, కాళ్ళు పడిపోతాయని భయం. డాక్టరమ్మ విసుక్కోలేదు. "సూది వెన్నుపాము చివరి కంటే కిందే దిగుతుందమ్మా. ఏ క్రిమో తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలం" అని పక్కన కూర్చుని చెప్పారు. ఇ.కోలై అని తేలింది. దానికి కనీసం 21 రోజులు నరానికి ఇంజెక్షన్లు పడాల్సిందే. బాబు తేరుకున్నాడు, పంపించేయమని మధ్యలో బతిమాలినా వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ పట్టుదలకు చేతులెత్తి దండం పెట్టాలి. చేతులు కడుక్కోనిదే సిస్టర్లు ఎవ్వరినీ లోపలికి రానివ్వరు.

బాలింతలకు మాత్రం కూర్చునే చోటే లేదు. పచ్చి ఒంటితో వరండా బల్ల మీద రాత్రంతా ఎలా ఉంటారు? ఒక స్టార్ అందుకే తగ్గించాను.

డిశ్చార్జిలో వినికిడి పరీక్ష రాశారు, తల చుట్టుకొలత నెలనెలా చూపించమన్నారు. ఆ రెండూ అస్సలు మానకండి.