సోడా మెషిన్ రిపేరుకి ఇస్తున్నారా? ‘చప్పుడు ఆపేశాం సార్’ అంటే జాగ్రత్త

ఇంట్లో సోడా మెషిన్ (మామూలు నీళ్లలోకి సిలిండర్ గ్యాస్ ఎక్కించి సోడా చేసేది) ఉన్నవాళ్లు, ముఖ్యంగా వారంటీ అయిపోయి బయట రిపేరుకి ఇద్దామనుకుంటున్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. రిపేరు చేసినతను డబ్బు గుంజాడని కాదు నా గోల. అడిగినదానికంటే ఎక్కువే చేసిచ్చాడు. కొంప ముంచబోయింది ఆ ఎక్కువే.

మెషిన్‌కి వచ్చిన రోగం చిన్నది. బటన్ నొక్కినప్పుడల్లా వెనక సిలిండర్ దగ్గర సన్నగా బుస్సుమనేది, గ్యాస్ చెప్పిన లెక్కకి చాలా ముందే అయిపోయేది. ఏ కంపెనీ మెషిన్ అయినా బాగుచేస్తాం, సిలిండర్ కూడా నింపిస్తాం అని చెప్పుకునే ఒకతనికి రెండూ ఇచ్చాం. (పేరు అడగొద్దు, రాయను. ఈ పని చేసేది అతనొక్కడే అయ్యుండడు కూడా.) తిరిగిచ్చేటప్పుడు మెషిన్ తళతళలాడుతోంది. “చూడండి సార్, ఇక చప్పుడే రాదు. సిలిండర్లో కూడా కాస్త ఎక్కువే పట్టించాను” అన్నాడు.

నిజంగానే చప్పుడు రాలేదు. నొక్కితే నీళ్లలో బుడగలు లేచాయి తప్ప, ఎప్పుడూ చివర్లో వచ్చే ఆ ‘బుర్ర్’ అనే మోత లేదు. ఇంకా ఎక్కలేదేమోనని మా ఆవిడ మళ్లీ నొక్కింది. సీసా బయటికి తీద్దామంటే కదల్లేదు. కొంచెం బలంగా ముందుకి లాగేసరికి పెద్ద చప్పుడుతో ఊడి, వంటగట్టు మీద పడి ఎగిరింది. నీళ్లు పైకప్పుకి కొట్టాయి. ఆ క్షణంలో ఆమె మొహం పక్కకి తిరిగి ఉంది కాబట్టి సరిపోయింది.

మర్నాడు మా బావమరిది వచ్చి, సిలిండర్ విప్పి బయటపెట్టి, మెషిన్ పై మూత తీశాడు. సీసా మూతి బిగుసుకునే చోటికి కాస్త పైన ఒక చిన్న వాల్వ్, దాని పక్కన గ్యాస్ బయటికి పోయే కన్నం ఉన్నాయి. ఆ కన్నం నిండా ఎండి గట్టిపడిన జిగురు. సూదితో పొడిచినా రాలేదు. సిలిండర్ కూర్చునే చోట ఉండే రబ్బరు వాషర్ మాత్రం పాతదే. ఒకవైపు అణిగిపోయి, అంచు చీలి ఉంది. దాని మీద పసుప్పచ్చ గ్రీజు దట్టంగా రాశాడు. అసలు లీకు అక్కడే. ఒక్క వాషర్ మారిస్తే పోయేదానికి, దాన్ని వదిలేసి రక్షణ కోసం పెట్టిన దారిని మూసేశాడు.

ఈ మెషిన్లు పనిచేసే తీరు తెలిస్తే ఇది ఎంత ఘోరమో అర్థమవుతుంది. బటన్ నొక్కగానే ఒక పిన్ను సిలిండర్ వాల్వ్‌ని తెరుస్తుంది. గ్యాస్ సన్నటి గొట్టంలోంచి సీసాలోకి దిగుతుంది. సీసాలో ఒత్తిడి హద్దు దాటగానే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మిగతాది బయటికి వదిలేస్తుంది. మనకి వినపడే ‘బుర్ర్’ అదే. సిలిండర్లో ఉన్నది మామూలు గాలి కాదు, ద్రవరూపంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్. 20 డిగ్రీల దగ్గరే దాని ఒత్తిడి 57 బార్ దాకా ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి సుమారు పాతిక రెట్లు. ఆ ఒత్తిడికీ మన చేతిలోని ప్లాస్టిక్ సీసాకీ మధ్య అడ్డు ఆ చిన్న వాల్వే. దాన్ని మూసేసి “రిపేరైంది” అంటే ఏమనాలి?

ఇక రెండో ‘మేలు’, ఎక్కువ పట్టించిన గ్యాస్. సిలిండర్ మెడ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. తూకం వేసి అది తీసేస్తే లోపలి గ్యాస్ ఎంతో తేలిపోతుంది. ఇళ్లలో ఎక్కువగా వాడే చిన్న సిలిండర్లో 425 గ్రాములు ఉండాలి. మాది 500 దాటింది. ఎక్కువ వచ్చిందని సంబరపడే విషయం కాదిది. లోపల ద్రవం పైన కొంత ఖాళీ ఉంటేనే వేడెక్కినప్పుడు అది వ్యాకోచించడానికి చోటు దొరుకుతుంది. ఆ ఖాళీ లేకపోతే, ఒక్కో డిగ్రీ వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి ఎగబాకుతుంది. ఇలాంటిది ఎండలో ఆపిన కారులోనో పొయ్యి పక్కనో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఆఖరి రక్షణగా వాల్వ్ దగ్గర ఒక పలచటి రేకు బిళ్ల ఉంటుంది. అది పగిలితే గ్యాసంతా ఒక్కసారిగా బయటపడుతుంది. మూసిన చిన్న గదిలో అది కూడా మంచిది కాదు.

మీకూ ఇలాంటి సిలిండర్ వస్తే పిన్ను నొక్కి ఇంట్లోనే ఖాళీ చేసే ప్రయోగాలు వద్దు. బయటికి దూకే గ్యాస్ మైనస్ 78 డిగ్రీల మంచుగా మారుతుంది, చర్మం కాలినట్టే పోతుంది. మేమైతే దాన్ని బయట నీడలో నిటారుగా పెట్టి, సిలిండర్లు నింపడమే వృత్తిగా ఉన్న చోటికి కబురు చేసి అప్పగించాం. మీ మేలు కోరి చెబుతున్నా, నింపించేటప్పుడు ఆహారానికి వాడే గ్రేడ్ గ్యాసేనా అని కూడా నిలదీయండి. మా మొదటి సీసా నీళ్లలో నూనె వాసన వచ్చింది. అది గ్యాస్‌దో ఆ గ్రీజుదో చెప్పలేను. పెట్రోలియం గ్రీజు తగిలితే చాలా రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వాషర్‌కి రాయాలనుకుంటే ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు, అదీ పలచగా.

రిపేరుకి ఇచ్చే ముందు చప్పుడు ఎక్కడిదో మీరే పసిగట్టండి. సిలిండర్ వైపు నుంచి వస్తుంటే చాలావరకు వాషర్ పని. అక్కడ సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. సిలిండర్ని చేత్తోనే బిగించాలి, పానా పెట్టి బిగిస్తే ఉన్న వాషర్ కూడా నలిగిపోతుంది. సీసా మూతి దగ్గర బుస్సుమంటే అక్కడి రబ్బరు చూడండి. నొక్కిన చివర్లో ‘బుర్ర్’మంటే మాత్రం అది రోగం కాదు, దాని జోలికి ఎవర్నీ పోనివ్వద్దు. అసలు గ్యాసే సరిగ్గా ఎక్కకపోతే, రిపేరు మాట ఎత్తే ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డ నీళ్లతో చూడండి. సున్నా డిగ్రీల దగ్గర కరిగే గ్యాస్‌లో 20 డిగ్రీల దగ్గర కరిగేది సగమే. నాజిల్‌కి (గ్యాస్ దిగే ఆ సన్నటి గొట్టం కొసకి) సున్నం పట్టినా అంతే, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే వదులుతుంది. జ్యూసులు, సిరప్‌లు మెషిన్‌కి తగిలించి గ్యాస్ ఎక్కించేవాళ్లకి ఒక మాట: ఆ చక్కెర జిగటే రిలీఫ్ వాల్వ్‌ని మూసేయగలదు, దానికి రిపేరువాడు అక్కర్లేదు. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మార్చేయండి. వేడినీళ్లతో కడగొద్దు.

ఇచ్చాక పాత భాగాలు తిరిగి అడగండి. మీ కళ్లెదుటే నీళ్లు పెట్టి, ‘బుర్ర్’ వచ్చేదాకా నొక్కి చూపించమనండి. తటపటాయిస్తే తీసుకోవద్దు.

మా మెషిన్ బాగుచేసినతన్ని అడిగాను. గొడవ పడలేదు, పైగా ఆశ్చర్యపోయాడు. “అందరూ ఆ సౌండ్ ఆపమనే తెస్తారు సార్” అన్నాడు. అంటే ఇలా నోరు మూసేసిన మెషిన్లు ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో! కంపెనీ సర్వీసువాళ్లు వాల్వ్ చూసి, దీన్ని మేం ముట్టుకోం అన్నారు. అమ్మేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అమ్మలేదు, ఎవరూ మళ్లీ వాడకుండా బటన్ విరిచి పారేశాం.

సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనేవాళ్లు నిండు సిలిండర్తో, సీసా మీది గీత దాకా నీళ్లు పోసి, కొద్దికొద్దిగా నొక్కించి చూడండి. గట్టిగా బుడగలు లేస్తున్నా మోత రాకపోతే అక్కడితో ఆపేయండి. సీసా బిగుసుకుపోతే లాగొద్దు, మొహం దగ్గర పెట్టొద్దు. మందపాటి గుడ్డ కప్పి, పిల్లల్ని దూరంగా పంపి, కంపెనీ సర్వీసుకి ఫోన్ చేయండి.