మెకానిక్‌కి నెల జీతమా, లేబర్‌లో వాటానా?

కార్ల షెడ్డు పెట్టినవాళ్లకి ఈ తలనొప్పి తప్పదు. లేబర్ అంటే సామాను ఖర్చు కాకుండా పనికి తీసుకునే కూలి.

ఖర్చు: జీతమైతే బండ్లు రాని నెలలోనూ ఇవ్వాలి. వాటా అయితే లేబర్ బిల్లు పడితేనే. కాకపోతే పని పల్చబడిన నెలలో మంచి మెకానిక్ పక్క షెడ్డుకి పోతాడు.

పని తీరు: అసలు తేడా ఇక్కడే. వాటా మనిషి చెయ్యి మహా వేగం. ఆ తొందరలో బ్రేక్ ప్యాడ్లు మారుస్తాడు గానీ కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్నులకి గ్రీజు పెట్టడు. పిన్ను పట్టేసి ప్యాడ్ ఒకవైపే అరుగుతుంది, బండి తిరిగొస్తుంది. డ్రెయిన్ బోల్టు అడ్డదిడ్డంగా బిగిస్తే అల్యూమినియం సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) మరలు పోతాయి. ఆ ఖర్చు ఓనరుదే. వైరింగ్ ఫాల్ట్ అంటే మొహం చాటేస్తాడు: మూడు గంటలు మల్టీమీటర్‌తో వెతికితే దొరికేది తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్ (వైరు బండి బాడీకి బిగించే చోటు), బిల్లులో ఏం రాస్తాడు పాపం! జీతం మనిషికి ఆ ఓపిక ఉంటుంది.

నేర్పడం: వాటా మనిషి కుర్రాళ్లకి నేర్పడు, అతని టైము దండగ. ఐటీఐలో రెండేళ్ల మోటార్ వెహికల్ ట్రేడ్ చేసొచ్చినవాడికి మొదట జీతమే సరి.

సర్వీసింగ్ బండ్లే ఎక్కువైతే వాటా ఇవ్వండి, తిరిగొచ్చిన పని అతనే ఉచితంగా చెయ్యాలని ముందే మాట్లాడుకుని. ఎలక్ట్రికల్, ఇంజిన్ పనికి జీతం. రెండూ వస్తుంటే కొంత జీతం, పైన వాటా. ఏదైనా సరే, డబ్బు ఇవ్వడం 5వ తారీఖు దాటనివ్వకండి.