ఆస్క్ అబౌట్ ఐర్లండ్‌లో గ్రిఫిత్ వాల్యుయేషన్: ఉచితమే, కానీ మూడో గడితో జాగ్రత్త

ఐర్లండ్ పల్లెల్లో భూమి లెక్కకు అన్నిటికన్నా చిన్న హద్దు టౌన్‌ల్యాండ్. ద్వీపమంతా కలిపి ఇవి 60,000కు పైనే. ఒక టౌన్‌ల్యాండ్‌లో భూమి ఎవరి చేతుల్లో ఉండేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేకుండా మొదలుపెట్టే చోటు ‘ఆస్క్ అబౌట్ ఐర్లండ్’ సైటే. 1847–1864 మధ్య పన్ను కోసం అచ్చేసిన ‘గ్రిఫిత్ వాల్యుయేషన్’ అనే భూమి మదింపు పుస్తకాల స్కాన్లు, మ్యాపులు ఇందులో ఉన్నాయి.

ఇంటిపేరుతో కాకుండా ఊరి పేరుతో వెదకండి. ఒకే పేరు చాలా చోట్ల ఉంటుంది కాబట్టి కౌంటీ (జిల్లా లాంటిది), బారనీ (కౌంటీలో పాత విభాగం), పారిష్ (చర్చి పరిధి) కూడా ఇవ్వాలి. పేజీలో మ్యాపు నంబరు పక్కన పెద్ద అక్షరముంటే ఒకే కమతం ముక్కలుగా ఉందని, చిన్న అక్షరముంటే ఇల్లని అర్థం. విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పర్చ్‌లలో ఉంటుంది: 40 పర్చ్‌లు ఒక రూడ్, 4 రూడ్లు ఒక ఎకరం.

చాలామంది బోల్తాపడేది మూడో గడి దగ్గర. మన అడంగల్ చూసిన కళ్లకు అది పట్టాదారు గడిలాగే ఉంటుంది. కాదు. ఆ గడి పేరు ‘ఇమ్మీడియట్ లెసర్’, అంటే సాగుదారుకు నేరుగా కౌలుకిచ్చిన మనిషి మాత్రమే. అతనే ఇంకొకరి దగ్గర కౌలుకు తీసుకుని ఉండొచ్చు. ఆ గడిలో ‘ఇన్ ఫీ’ అని రాసి ఉంటే భూమి సాగుదారు సొంతం.

మ్యాపులది ఇంకో తలనొప్పి. చాలా చోట్ల అవి పుస్తకం తర్వాత సవరించినవి. నంబర్లు కలవకపోతే కమతం ఆకారం, విస్తీర్ణం పట్టుకుని సరిచూసుకోవాలి.

అసలు లోటు వేరే ఉంది. రైతులు సర్కారు అప్పుతో భూములు కొనుక్కుంది 1885 ఆష్‌బోర్న్ చట్టం, 1903 విండమ్ చట్టాల కాలంలో. ఈ పుస్తకాలు అప్పటికే ఆగిపోయాయి. ఆ కథ కావాలంటే డబ్లిన్‌లోని వాల్యుయేషన్ ‘క్యాన్సిల్డ్ బుక్స్’ (తర్వాతి మార్పులు రాసిన పుస్తకాలు) చూడాల్సిందే. పాత పేరు కొట్టేసి, ఏడాదిని బట్టి రంగు సిరాతో కొత్త పేరు రాశారు. ‘ఎల్.ఏ.పీ.’ ముద్ర కనిపిస్తే ఆ కమతం కొనుగోలు చట్టం కింద అమ్ముడైందని తెలుసుకోవచ్చు. ఉత్తర ఐర్లండ్ 6 కౌంటీల పుస్తకాలు బెల్‌ఫాస్ట్‌లోని ప్రోనీ (అక్కడి ప్రభుత్వ రికార్డుల కార్యాలయం) సైట్లో ఉచితం.

వెనక్కి వెళ్లాలంటే 1823–37 నాటి టైత్ (చర్చికి కట్టే పన్ను) పుస్తకాలున్నాయి. వాటిలో ఎక్కువగా వాడింది ఐరిష్ ఎకరం, అంటే మామూలు ఎకరానికి 1.62 రెట్లు. మార్చకుండా పోలిస్తే, అక్కడి 10 ఎకరాల రైతు గ్రిఫిత్‌కి వచ్చేసరికి 16 ఎకరాల ఆసామి అయిపోతాడు!