లాస్ వేగస్‌లో లాన్ తడపడం: స్మార్ట్ కంట్రోలర్, రోటరీ నాజిళ్లు ఏళ్ల తరబడి వాడాక

ముందే మార్కులు చెప్పేస్తే, రోటరీ నాజిళ్లకు 10కి 9, వాతావరణాన్ని బట్టి నడిచే వై-ఫై కంట్రోలర్‌కు 10కి 6. బడ్జెట్ ఒకదానికే సరిపోతే నాజిళ్లు కొనండి. ప్రకటనలు మాత్రం దీనికి తలకిందులుగా చెబుతాయి.

సెటప్ ఇది: వెనక పెరట్లో 600 చదరపు అడుగుల బెర్ముడా (మన గరికే), 40 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) రెగ్యులేటర్, నీరు కారిపోకుండా ఆపే చెక్ వాల్వ్ ఉన్న పాప్-అప్ బాడీలు (తడిపేటప్పుడు నేలలోంచి పైకి లేచే గొట్టాలు), వాటి మీద రోటరీ నాజిళ్లు, మీటర్ తర్వాత నీటి ప్రవాహాన్ని కొలిచే ఫ్లో సెన్సర్. ఇక్కడ ఏడాదికి పడే వాన 4 అంగుళాల చుట్టూనే. అందుకే కంట్రోలర్ పెట్టె మీద పెద్దక్షరాలతో రాసే 'వాన పడితే ఆపేస్తుంది' అన్న సదుపాయం ఈ ఊళ్లో దాదాపు అలంకారమే. గాలి వీస్తే ఆపడం మాత్రం నిజంగా పనికొస్తుంది.

అసలు నీళ్లు పోయేది ప్రెషర్ దగ్గర. ఈ లోయలో చాలా ఇళ్లకు 60, 70 పీఎస్ఐ వస్తుంది. మామూలు స్ప్రే నాజిల్‌కు కావలసింది 30. అంతకు మించితే చినుకు పొగమంచులా మారి గాలికి పక్కింటి గోడ మీద పడుతుంది. రోటరీ నాజిల్ సన్నని ధారలుగా తిరుగుతూ కొడుతుంది, చినుకు బరువుగా ఉంటుంది కాబట్టి గాలికి అంతగా చెదరదు. స్ప్రే గంటకు ఒకటిన్నర అంగుళం పోస్తే, మామూలు రోటరీ పోసేది 0.4 అంగుళం. ఈ నేలలో 'కలీచీ' అనే సున్నపు పొర గట్టిగా ఉంటుంది, నీళ్లు మెల్లగా ఇంకుతాయి. స్ప్రే అయితే నాలుగైదు నిమిషాలకే కాలిబాట మీదికి పారుతుంది, పారిన నీటికి జరిమానా కూడా ఉంది.

ఎన్ని నిమిషాలు పెట్టాలన్నది ఇలా లెక్కేసుకోవచ్చు. జులైలో ఆవిరయ్యే కొలత రోజుకు అంగుళంలో మూడో వంతుకు పైనే. గరికకు అందులో 65 శాతం చాలు, అంటే వారానికి సుమారు 1.6 అంగుళాలు. దీన్ని 0.4తో భాగిస్తే 4 గంటలు. వేసవిలో ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ తడపొచ్చు కాబట్టి రోజుకు 40 నిమిషాలు వస్తుంది. దాన్ని 13 నిమిషాల చొప్పున మూడు విడతలు చేసి, మధ్యలో గంట విరామం ఇవ్వాలి. స్ప్రే ఉన్నవాళ్లు 4 నిమిషాలవి మూడు విడతలు పెట్టుకుంటే చాలు. ఒక అంగుళం నీరంటే చదరపు అడుగుకు 0.62 గ్యాలన్. ఈ లాన్‌కు అంగుళానికి 370 గ్యాలన్లకు పైనే పోతుంది.

కంట్రోలర్‌కు మార్కులు తగ్గించిందీ ఈ లెక్క దగ్గరే. నాజిల్ రకం అడిగే చోట ముందే స్ప్రే అని నింపి ఉంటుంది. మార్చకుండా వదిలేస్తే 40 నిమిషాలు కావలసిన చోట పదే ఇస్తుంది, గడ్డి ఎండుతుంది. అప్పుడు యజమాని చిరాకుపడి తడిపే సమయాన్ని 300 శాతానికి పెంచుతాడు, నవంబరు దాకా దాన్ని మరిచిపోతాడు. గడ్డి రకం, నేల, వాలు, నీడ కూడా జోన్‌కు జోన్ (ఒక్కో వాల్వ్ తడిపే భాగం) సరిగ్గా నింపాలి. ఇంకో తలనొప్పి రోజుల నిబంధన. యాప్ తన లెక్క ప్రకారం ఏ రోజు కావాలంటే ఆ రోజు తడపబోతుంది. ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికి ఒకే రోజు, మార్చి, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరు, అక్టోబరులోనూ మూడు రోజులు, అవీ మీ ఇల్లు ఉన్న గ్రూపుకు కేటాయించినవే. ఆదివారం ఏడాది పొడవునా లేదు. ఈ రోజులను చేత్తో బిగించాల్సిందే. విరామాలతో కలిపి ఎక్కువ జోన్లు నడిపితే చివరిది పగటి 11 దాటిపోవచ్చు. వేసవిలో 11 నుంచి సాయంత్రం 7 వరకు స్ప్రింక్లర్లు నిషేధం కాబట్టి తెల్లవారుజామున 3కే మొదలుపెట్టేలా ఉంచండి.

నాజిళ్లు మార్చినా డబ్బాల పరీక్ష చేయకుండా నమ్మొద్దు. నిలువు అంచులున్న ఒకే రకం డబ్బాలు 16 లాన్ అంతా పరిచి, రోటరీని 20 నిమిషాలు నడపండి. ప్రతి డబ్బాలో లోతు కొలిచి, తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించండి. 0.7 పైన వస్తే బాగున్నట్టు. పాత స్ప్రే లాన్లలో 0.5 రావడం మామూలే. అక్కడ ఎండిన మూల పచ్చబడాలంటే మిగతా లాన్ మీద రెట్టింపు పోయాలి. మూల ఎండితే నిమిషాలు పెంచడం అందరూ చేసేదే, చూడాల్సింది మాత్రం ఆ మూలకు రెండు హెడ్లు అందుతున్నాయా అని. ఒకే జోన్‌లో స్ప్రే, రోటరీ కలిపారో, ఏ నిమిషాలు పెట్టినా ఒకటి మునుగుతుంది, ఒకటి మాడుతుంది.

ఇక చెడేవి. నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. తెల్లని పొర కట్టి నాజిల్ తిరగడం ఆగితే ఒకే చోట ధార పడి గడ్డి గీతలుగా పచ్చబడుతుంది. విప్పి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టండి, అడుగున ఉన్న జల్లెడ బుట్ట కూడా కడగండి. పైపు తెగి అతికించిన ప్రతిసారీ చివరి హెడ్ తీసి, నీళ్లు వదిలి లైన్‌లోని ఇసుకను బయటికి పోనివ్వాలి. రోటరీ నాజిల్ తక్కువ నీరు వాడటంతో చిన్న జోన్‌లో వాల్వ్ పూర్తిగా మూసుకోక కారుతుంది. అలాంటప్పుడు రెండు చిన్న జోన్లను కలపాలి, లేదా తక్కువ ప్రవాహానికి పనిచేసే వాల్వ్ వేయాలి. ఫ్లో సెన్సర్ విరిగిన హెడ్‌ను వెంటనే పట్టిస్తుంది, సన్న కారుడును పట్టదు. దానికి అన్నీ కట్టేసి మీటర్‌లోని చిన్న ముల్లు తిరుగుతోందా చూడటమే మార్గం. జోన్ అసలు తెరుచుకోకపోతే కంట్రోలర్ మార్చే ముందు సాలినాయిడ్ (వాల్వ్‌ను తెరిచే విద్యుత్ కాయిల్) ఓమ్స్ కొలవండి. 20 నుంచి 60 మధ్య ఉంటే కాయిల్ బాగున్నట్టే, తప్పు ఎక్కువగా తీగల అతుకుల్లో ఉంటుంది. గ్రీజు నింపిన కనెక్టర్లే వాడాలి.

ఇంత చేసినా లాన్ లాన్‌గానే నీళ్లు తాగుతుంది. దక్షిణ నెవాడా జల సంస్థ అధ్యయనంలో పచ్చికకు ఏటా చదరపు అడుగుకు 73 గ్యాలన్లు, ఎడారి మొక్కల తోటకు 17 పోయాయి. సింక్‌లో, షవర్‌లో వాడింది శుద్ధయి ఊరికి నీళ్లిచ్చే లేక్ మీడ్ జలాశయానికి తిరిగి చేరుతుంది, అంత మేర మళ్లీ తీసుకోవచ్చు. పచ్చిక మీద పోసింది గాలికి పోతుంది. కొలరాడో నదిలో రాష్ట్రం వాటా ఏటా 3 లక్షల ఎకరా అడుగులే (ఎకరం మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరా అడుగు). 2021లో నదికి తొలిసారి కొరత ప్రకటించారు. రోడ్డు పక్కన, ఆఫీసుల ముందు ఎవరూ అడుగు పెట్టని పచ్చికకు నది నీళ్లు 2026 తర్వాత ఇవ్వకూడదని అదే ఏడాది చట్టం వచ్చింది. సొంత ఇళ్లకు అది వర్తించదు, కానీ 2023 జనవరి నుంచి పరిమితి దాటిన వాడకానికి బిల్లులో విడిగా చార్జీ పడుతోంది.

కాబట్టి ఇంటి ముందు ఎవరూ నడవని గడ్డికి ఈ సామాను కొనకండి. దాన్ని తీసేసి రాళ్లు, డ్రిప్ వేస్తే చదరపు అడుగు లెక్కన రిబేటు వస్తుంది. అయితే గడ్డి బతికుండగానే దరఖాస్తు పెట్టి, తనిఖీ అయ్యాకే తవ్వాలి. పిల్లలు ఆడుకునే వెనక ముక్కకు గరిక ఉంచుకోండి. టాల్ ఫెస్క్యూ అనే గడ్డి ఏడాదంతా పచ్చగా ఉంటుంది గానీ వేసవిలో గరిక కంటే బాగా ఎక్కువ తాగుతుంది. గరిక చలికాలంలో పసుపు రంగుకు తిరుగుతుంది. చచ్చిపోయిందనుకుని అక్టోబరులో రై గడ్డి గింజలు చల్లితే, మొలకల కోసం రోజుకు మూడు నాలుగు సార్లు తడపాల్సి వచ్చి వేసవిలో మిగిల్చింది అక్కడే పోతుంది.