పొద్దున ఎనిమిదికి మ్యాచ్: కర్నూలు నుంచి అనంతపురం, కడప

మా పెద్దమ్మాయి అండర్-14 ఫుట్‌బాల్ ఆడుతుంది. లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్. దసరా సెలవుల నుంచి ఇప్పటిదాకా దాని మ్యాచ్‌ల కోసం కర్నూలు నుంచి అనంతపురం రెండుసార్లు, కడప ఒకసారి వెళ్లొచ్చాం. నేను టీచర్ని. మా ఆయనకు ఆదివారమే షాపులో బేరం ఎక్కువ. అందుకని చాలాసార్లు ప్రయాణం నేను, పాప, ఎనిమిదేళ్ల చిన్నోడు. మాలాగా పిల్లల్ని తిప్పుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అనంతపురం దూరమేం కాదు. 44వ నంబరు హైవే మీద డోన్, గుత్తి, పామిడి దాటుకుంటూ 150 కిలోమీటర్లు. చిక్కంతా టైముతోనే. 2023లో మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ మా ఊళ్లో ఆగుతుంది, హాయిగా ఉంటుంది. కానీ అది అనంతపురం చేరేసరికి పది దాటుతుంది. పిల్లల మొదటి మ్యాచ్ ఎనిమిదికి. కాబట్టి ముందురోజు స్కూలు వదలగానే బస్టాండుకు పరుగెత్తాలి, లేదంటే సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టాలి. ఈ ఏడాది నావి తొమ్మిది సీఎల్‌లు దీనికే పోయాయి.

2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితం కదా, నాకూ పాపకూ ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్‌లో సున్నా టికెట్. చిన్నోడికి హాఫ్ టికెట్. సూపర్ లగ్జరీకి ఆ పథకం లేదు. మొదటిసారి డబ్బులు మిగులుతాయని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. డోన్ దాకా పాప కిట్ బ్యాగ్ కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడింది. మర్నాడు మ్యాచ్‌లో రెండో సగానికే పిక్క పట్టేసింది. నిలబడటం వల్లే పట్టిందని చెప్పలేను కానీ, నా మనసు ఊరుకోలేదు. అప్పటినుంచి పోయేటప్పుడు టికెట్ కొని సూపర్ లగ్జరీలో, వచ్చేటప్పుడు ఉచితంగా ఎక్స్‌ప్రెస్‌లో. తిరుగు ప్రయాణంలో కాళ్లు నొప్పి పుట్టినా ఇంటికెళ్లి పడుకోవడమే కదా.

బస విషయంలో మొదటిసారి బాగా దెబ్బతిన్నాం. యాప్‌లో ఫోటోలు చూసి బస్టాండు పక్కన రూమ్ బుక్ చేశాను. రాత్రి పదకొండుకు చేరితే, బుకింగ్ తమకు రాలేదన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. అరగంట వాదిస్తే మూడో అంతస్తులో రోడ్డు వైపు గది ఇచ్చాడు. తెల్లవార్లూ బస్సుల హారన్లు. పాప దిండు చెవుల మీద పెట్టుకుని అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. పైగా చెకౌట్ పొద్దున తొమ్మిదికట. అంటే మ్యాచ్‌కు ముందే సామాను సర్దేయాలి. మ్యాచ్ అయ్యాక ఒళ్లంతా మట్టితో ఉన్న పిల్ల ఎక్కడ స్నానం చేయాలి?

రెండోసారి మైదానానికి దగ్గర్లో ఒక పాత లాడ్జి చూసుకున్నాం. టీవీ లేదు, గోడలకు పెచ్చులు. కానీ దిగిన టైము నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క, వెనకవైపు గది, బకెట్ వేణ్నీళ్లు, జెర్సీ ఆరేసుకోవడానికి వరండాలో తీగ. పొద్దున ఆరున్నరకే కింద హోటల్లో ఇడ్లీ. నేనిప్పుడు ఎక్కడికెళ్లినా ఫోన్ చేసి ముందు అడిగేవి ఇవే. ఏసీ ఉందా అన్నది ఆ తర్వాత. రెండు రాత్రులకు గది, తిండి, ఆటోలు, టికెట్లు కలిపి 6,800 అయింది. నెలకు ఇలాంటివి రెండు పడితే మా ఇంట్లో ఇంకేదో ఒకటి ఆగిపోతుంది, ఆగిపోయింది కూడా.

అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ సంగతి చెప్పాలి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థ అది. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు కూడా అక్కడే జరిగాయి. కరువు జిల్లా అని పేరుపడ్డ చోట, పచ్చిక మీద పల్లెటూరి ఆడపిల్లలు స్టడ్స్ ఉన్న ఫుట్‌బాల్ బూట్లు వేసుకుని పరుగెడుతుంటే నేను కాసేపు అలాగే నిలబడిపోయాను. పాప అయితే వంగి గడ్డిని అరచేత్తో తడిమి చూసింది.

దానికి ముందు ఆడింది మాత్రం ఒక కాలేజీ మైదానంలో. ఎర్రమట్టి, గులకరాళ్లు. టాయిలెట్లకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. నీళ్ల ట్యాంకు వెనక మేం నలుగురు తల్లులం చున్నీలు పట్టుకుని నిలబడితే, ఆ చాటున పద్నాలుగు మంది పిల్లలు జెర్సీలు మార్చుకున్నారు. వెళ్లాల్సి వస్తుందేమోనని చాలామంది నీళ్లు తాగడమే మానేశారు. పదకొండు గంటల ఎండ, అరగంట చొప్పున రెండు సగాలు, గొంతు తడుపుకోకుండా! ఎంట్రీ ఫీజు తీసుకునేవాళ్లు ఆ ఒక్క తాళం తీయించి ఉంటే చాలు. ఇది నేను మర్చిపోలేను.

చిన్నోడు ఆ రోజంతా చింతచెట్టు కింద, నీళ్ల క్యాన్ మీద నోట్‌బుక్ పెట్టుకుని ఎక్కాలు రాశాడు. సాయంత్రం బస్సులో అడిగాడు: "అమ్మా, నా ఆదివారం ఎప్పుడు?"

కడపకు టీమ్‌లో ఇంకో పాప వాళ్లతో కలిసి కారు మాట్లాడుకున్నాం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా 200 కిలోమీటర్ల పైనే. అక్కడ మా మేనత్త ఇల్లుంది, బస ఖర్చు తప్పింది. కానీ బంధువుల ఇల్లంటే పడుకునే టైము మన చేతిలో ఉండదు. రాత్రి పదికి రాగిసంగటి, నాటుకోడి పులుసు వడ్డించింది. వద్దంటే, "ఆటాడే పిల్లకు ఇంత సంగటి పెట్టకుంటే ఎట్లమ్మే?" అంది. పాప మొహమాటానికి రెండు ముద్దలు తిన్నది, పొద్దున కడుపు బరువుగా ఉందని ఏడ్చింది. మర్నాడు అత్తకు విడమరిచి చెప్పాను. ఏమాత్రం నొచ్చుకోలేదు. రాత్రి ఏడున్నరకే చారన్నం, పెరుగన్నం పెట్టి, వీధి గదిలో టీవీ కట్టేసింది. కడప కారం దోశ మ్యాచ్‌లన్నీ అయ్యాక తిన్నాం.

సెమీస్‌లో ఓడిపోయాం. ఇంకో రోజు చేతిలో ఉంది. నేరుగా కర్నూలు వెళ్లిపోదామని మిగతావాళ్లు అన్నారు, మేం బస్సులో జమ్మలమడుగు వెళ్లి అక్కణ్నుంచి ఆటోలో గండికోట చేరాం. చిన్నోడు ఎప్పటినుంచో అడుగుతున్నది అదే. కోటలో మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి అన్నీ వాడు ముందు, మేం వెనక. పెన్న లోయ అంచున మాత్రం వాడి చొక్కా గట్టిగా పట్టుకున్నాను, అక్కడ చాలాచోట్ల అడ్డు కంచె లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు జాగ్రత్త.

పాప చీలమండకు క్రేప్ బ్యాండేజీ కట్టుకుని ఉంది, బండలు ఎక్కలేనంది. ధాన్యాగారం నీడలో కూర్చుని వాడి బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. వాడు దిగొచ్చినప్పుడల్లా సీసా మూత తీసి అందించింది. "ఇంకా చూడాల్సింది ఉందా? పో, నేనిక్కడే ఉంటా" అంది. వాడు మళ్లీ పరుగెత్తాడు.