పోర్కె, కోమో, ఎస్ కె: స్పానిష్‌లో కారణం చెప్పాలంటే ఏది మేలు?

తెలుగువాళ్లు ముందు తడబడేది ప్రశ్న దగ్గరే. మన 'ఎందుకు' చేసే పనిని స్పానిష్‌లో రెండు మాటలు పంచుకుంటాయి. కారణం అడిగితే 'పోర్ కె', ప్రయోజనం అడిగితే 'పారా కె'. 'పోర్ కె ఎస్తూదియాస్ ఎస్పాన్యోల్?' (స్పానిష్ ఎందుకు చదువుతున్నావు?) అంటే 'పోర్కె మె గుస్తా', నాకిష్టం కాబట్టి. అదే 'పారా కె' అని అడిగితే 'పారా త్రబహార్ ఎన్ మద్రీద్', మద్రీద్‌లో పని చేయడానికి. 'ఎందుకు' తీసి 'ఏం చేయడానికి' అని పెట్టి చూడండి. అతికితే పారా కె.

రాతలో ప్రశ్నకు రెండు మాటలు విడివిడిగా, చివరి అక్షరం మీద గీత. జవాబులో 'పోర్కె' ఒకే మాట, గీత ఉండదు.

అసలు తకరారు పోర్కెకీ కోమోకీ మధ్య. మనకు కారణం ముందు చెప్పడం అలవాటు: 'వాన పడుతోంది కాబట్టి బయటికి వెళ్లలేదు.' అదే వరసలో పోర్కెతో మొదలుపెడితే స్పానిష్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కారణం ముందొస్తే కోమో: 'కోమో యోబియా, నో సాలీ.' వెనకొస్తే పోర్కె: 'నో సాలీ పోర్కె యోబియా.' అంటే కోమో మన 'కాబట్టి' వరస, పోర్కె 'ఎందుకంటే' వరస. 'పోర్ కె?' అని అడిగినవాళ్లకు మాత్రం కోమోతో జవాబివ్వకూడదు, పోర్కెనే.

కోమోలో ఇంకో మెలిక ఉంది. తర్వాతి క్రియ సబ్‌జంక్టివ్‌లోకి (జరుగుతుందో లేదో తేలని పనికి వాడే క్రియారూపం) మారితే కారణం కాస్తా బెదిరింపవుతుంది. 'కోమో నో బెంగాస్, మె ఎన్‌ఫాదో' అంటే 'నువ్వు రాకపోయావో, నాకు కోపమొస్తుంది' అని. కొత్తలో ఒకటే నేర్చుకునేట్టయితే పోర్కె మేలు. వాక్యం తిప్పి చెబితే చాలు, గండం గడుస్తుంది.

అవతలివాళ్లకు ముందే తెలిసిన కారణమైతే 'యా కె', మన 'ఎలాగూ' లాంటిది.

ఆలస్యంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలంటే ఎస్ కె: 'ఎస్ కె పెర్దీ ఎల్ ఆవుతోబూస్.' 'అదేంటంటే, బస్సు తప్పిపోయింది' అన్నట్టు. నోటిమాటకు దీన్ని మించింది లేదు. ఆఫీసు ఉత్తరంలో రాస్తే సాకులా కనిపిస్తుంది, అక్కడ పోర్కె రాయండి.

క్రియ లేకుండా 'వాన వల్ల' అనాలంటే 'పోర్ లా యూబియా'. ఇంగ్లీషు అలవాటుతో 'పోర్కె దె లా యూబియా' అనేస్తుంటారు. అది తప్పు.